పాలు మానినా పెరుగన్నం మానక్కర్లేదు: తెలుగు వంటింట్లో మొక్కల పాలు, పెరుగు చేసుకునే పద్ధతి

మా నాన్నగారికి అరవై దాటాక పాలు పడటం మానేశాయి. ఉదయం కాఫీ తాగిన గంటకే కడుపు ఉబ్బరం, మధ్యాహ్నానికి విరేచనాలు. కొన్నాళ్ళు పాలు ఆపి చూడమన్నారు డాక్టరు గారు. కాఫీ మానడానికి నాన్న పెద్దగా బాధపడలేదు. కానీ చివర్లో పెరుగన్నం లేకపోతే ఆయనకి భోజనం చేసినట్టే ఉండేది కాదు. చారన్నం తిన్నాక కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చునేవారు. అది చూడలేక నేను మొక్కల పాలు, మొక్కల పెరుగు చేయడం నేర్చుకున్నాను. నాలుగేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి ఏది కుదురుతుందో, ఏది కుదరదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు ఒక విషయం. పాల బదులు ఏం తాగాలి అని చాలామంది అడుగుతారు. మన ఇంట్లో పాలు ఒక్క పని చేయడం లేదు. టీ కాఫీలకి చిక్కదనం ఇస్తున్నాయి. పెరుగై, మజ్జిగై భోజనాన్ని ముగిస్తున్నాయి. నెయ్యిగా వేడి అన్నంలోకి వస్తున్నాయి. పాయసం, పనీర్ అవుతున్నాయి. వీటన్నిటితో పాటు ఒంటికి ప్రోటీన్, కాల్షియం, విటమిన్ బి12 ఇస్తున్నాయి. ఇవన్నీ చేసిపెట్టే మొక్కల పాలు ఏవీ లేవు. టీకి బాగున్నవి పెరుగుకి పనికిరావు, పాయసానికి అమృతంలా ఉన్నవాటిలో ప్రోటీన్ ఉండదు. అందుకని ఏ పనికి ఆ పదార్థం విడిగా చూసుకోవాలి. ఈ వ్యాసమంతా అలాగే సాగుతుంది.

మొదటి అడుగు: ఎందుకు మానుతున్నారో తేల్చుకోండి

కారణాన్ని బట్టి దారి మారుతుంది. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చంటితనంలో దాదాపు అందరికీ ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. ఉత్తర భారతంతో పోలిస్తే దక్షిణాదిలో ఇలా తగ్గేవాళ్ళే ఎక్కువ. మీ ఇబ్బంది లాక్టోజ్ ఒక్కటే అయితే పాలు పడకపోయినా పెరుగు పడే అవకాశం ఉంది. తోడుకునేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని బాక్టీరియా తినేస్తుంది. రెండు వారాలు పాలు, పాలతో చేసినవి పూర్తిగా ఆపి, తర్వాత కొద్దికొద్దిగా పెరుగు తిని చూడండి. పడితే మీరు మానాల్సింది పాలు మాత్రమే.

పాల ఎలర్జీ సంగతి వేరు. అక్కడ గొడవ పాలలోని ప్రోటీన్‌తో. దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం లాంటివి వస్తాయి. అలాంటివాళ్ళకి పెరుగూ వద్దు, నెయ్యీ వద్దు. మొక్కల పాలని తోడు వేయడానికి ఆవు పెరుగు చెంచాడు కూడా వాడకూడదు. సొంతంగా ప్రయోగాలు చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మూడో కారణం నేల, నీరు, గాలి. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా పొలాల లెక్కలు తీసి సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఆ లెక్క ప్రకారం లీటరు ఆవు పాల వెనుక సగటున 3.2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు విడుదలవుతాయి. సోయా పాలకి అది సుమారు 1 కిలో, ఓట్స్ పాలకి 0.9, బాదం పాలకి 0.7. నీళ్ళ విషయానికొస్తే ఆవు పాలకి 628 లీటర్లు, బాదం పాలకి 371, బియ్యం పాలకి 270, ఓట్స్ పాలకి 48, సోయాకి 28. పశువు నెమరు వేసేటప్పుడు వచ్చే మీథేన్, దాని మేతకి పట్టే నేల, నీళ్ళు కలిసి పాల లెక్కని అంత పెంచుతున్నాయి.

ఇవి ప్రపంచ సగటు అంకెలని మాత్రం గుర్తుంచుకోవాలి. వరిగడ్డి తిని, పొలానికి పెంట ఎరువిచ్చే మన ఊరి గేదె లెక్క వేరుగా ఉంటుంది. పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. ఆ పాలలో ఎక్కువ భాగం రెండు మూడు పశువులున్న చిన్న రైతుల ఇళ్ళ నుంచే వస్తోంది. వారం వారం పాలడబ్బుతో ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కొంత పాలు తగ్గించి ఆ చోట మన రైతు పండించిన వేరుశనగో సోయానో వాడుకోవచ్చని మాత్రం గట్టిగా నమ్ముతాను. బాదం పాలు నేను చేయను. ప్రపంచపు బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాలో పండుతుంది, అక్కడ నీళ్ళకి ఎప్పుడూ కటకటే. అనంతపురం వేరుశనగ వాన మీద పండుతుంది, గాలిలోని నత్రజనిని వేళ్ళలో దాచి నేలకీ మేలు చేస్తుంది. సోయా ఆదిలాబాద్, నిర్మల్ వైపు పండుతుంది. ఇంత దగ్గర్లో దొరికేవి ఉండగా దూరం పోవడం దేనికి?

ఎవరు జాగ్రత్తపడాలి

ఏడాది లోపు పిల్లలకి తల్లిపాలు, లేదా డాక్టరు చెప్పిన ఫార్ములా మాత్రమే పట్టాలి. ఇంట్లో చేసిన ఏ మొక్కల పాలూ వాటికి బదులు కావు, ఒక్క రోజుకి కూడా. ఏడాది దాటి ఐదేళ్ళ లోపు పిల్లలకి పాలు పూర్తిగా మాన్పించాలంటే పిల్లల డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి. బియ్యం పాలు మాత్రం ఈ వయసు వాళ్ళకి వద్దు. బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం చేరే అవకాశం ఉంది కాబట్టి బ్రిటన్‌లో ఐదేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని అధికారికంగానే చెబుతారు. వాటిలో ప్రోటీన్ కూడా చాలా తక్కువ.

పల్లీ ఎలర్జీ ఉన్నవాళ్ళు వేరుశనగ జోలికే పోకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకి, సోయాకి మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచాలి, లేకపోతే మందు సరిగ్గా ఒంటపట్టదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరుని అడగండి.

వేరుశనగ పాలు, పెరుగు

నా అనుభవంలో మన భోజనానికి అన్నిటికన్నా బాగా అతికేది ఇదే. దీన్నే వివరంగా చెబుతాను.

పల్లీలు కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు మచ్చ ఉన్నవి, నోట్లో వేసుకుంటే చేదుగా ఉన్నవి ఒక్కొక్కటీ ఏరి పారేయండి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మరిగిస్తే పోయేది కాదు. చేటలో పోసి ఏరే ఐదు నిమిషాల పనిని దయచేసి వదిలేయకండి.

100 గ్రాముల గుళ్ళని ఆరు నుంచి ఎనిమిది గంటలు నానబెట్టండి. నీళ్ళు పారబోసి, చేత్తో నలిపి పొట్టు తీయండి. తొందరగా కావాలంటే నానిన గుళ్ళ మీద మరిగే నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఆగితే పొట్టు జారిపోతుంది. పొట్టు ఉంటే పెరుగుకి వగరూ, గోధుమ రంగూ వస్తాయి.

మిక్సీలో ఒక గ్లాసు నీళ్ళతో వెన్నలా రుబ్బండి. ఇక్కడ తొందరపడొద్దు. రెండు వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలకూడదు. తర్వాత ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఒకసారి తిప్పండి. మొత్తం నీళ్ళు 600 మిల్లీలీటర్లు. పాత కాటన్ పంచె ముక్కలో పోసి గట్టిగా పిండండి. పిప్పి పారేయకండి. కొబ్బరి, పచ్చిమిర్చి, చింతపండు కలిపి పచ్చడి చేయొచ్చు. కూరల్లో పొడి బదులు వేయొచ్చు.

ఇప్పుడు మందపాటి గిన్నెలో పోసి చిన్న మంట మీద మరిగించండి. ఈ పాలు ఆవు పాల కన్నా త్వరగా అడుగంటుతాయి, కలుపుతూనే ఉండాలి. పైకి వచ్చే నురగ తీసేయండి. పొంగు వచ్చాక ఇంకో ఎనిమిది, పది నిమిషాలు మరగనిస్తే పచ్చివాసన పోతుంది. తాగడానికైతే ఇక్కడే ఆపి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మూడు రోజులు ఉంటాయి. పైన నీళ్ళు తేలినట్టు కనిపిస్తే పాడైనట్టు కాదు, కలిపితే సరిపోతుంది.

పెరుగు కావాలంటే, మరుగుతున్నప్పుడే రెండు చెంచాల బియ్యప్పిండిని కాసిని చల్లటి నీళ్ళలో కలిపి పోయండి. గట్టిగా తోడుకోవడానికి అది సాయపడుతుంది. అర చెంచా పంచదార కూడా వేయండి. పెరుగు చేసే బాక్టీరియాకి తినడానికి చక్కెర కావాలి. పాలలో లాక్టోజ్ ఉంటుంది, వేరుశనగలో అది లేదు. ఈ పంచదారలో చాలా భాగం పులుపుగా మారిపోతుంది, తీపి పెద్దగా తెలియదు.

తోడు విషయంలోనే ఎక్కువమంది ఆగిపోతారు. లాక్టోజ్ ఒక్కటే సమస్య అయితే మామూలు పెరుగు ఒక చెంచా తోడు వేసేయండి, మొదటి రోజే చక్కగా వస్తుంది. పాల చుక్క కూడా వద్దనుకుంటే మన అమ్మమ్మల ఉపాయం ఉంది. తోడు దొరకని రోజున వాళ్ళు మిరపకాయ ముచ్చికలు వేసి పాలు తోడుపెట్టేవాళ్ళు. ఆ తొడిమల మీద లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా సహజంగా ఉంటుంది. తాజా పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో తీసుకుని, ఒకసారి కడిగి, గోరువెచ్చని వేరుశనగ పాలలో పూర్తిగా మునిగేలా వేయండి. కాయ చిరిగి గింజలు పడితే కారం దిగుతుంది, తొడిమ మాత్రమే వేయండి.

గోరువెచ్చన అంటే శుభ్రమైన చిటికెన వేలు పెట్టి పది లెక్కపెట్టేదాకా ఉంచగలగాలి. అంతకన్నా వేడిగా ఉంటే బాక్టీరియా చచ్చిపోతుంది. వేసవిలో ఆరేడు గంటలు చాలు. డిసెంబరు, జనవరిలో పది పన్నెండు గంటలు పడుతుంది. గిన్నెని హాట్‌బాక్సులో పెట్టడమో, దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడమో చేయండి. మా అమ్మ డబ్బాలోనే పెట్టేది, నేనూ అదే చేస్తాను.

ముచ్చికలతో చేసిన మొదటి పెరుగు కొంచెం పలచగా, కాస్త వేరే వాసనతో ఉంటుంది. నిరుత్సాహపడకండి. అందులోంచి రెండు చెంచాలు తీసి మర్నాటికి తోడు వేస్తే రెండోసారి మెరుగవుతుంది. మూడోసారికి గిన్నె వంచినా కదలనంత గట్టిగా వస్తుంది. గులాబీ రంగో, నల్ల బూజో, కుళ్ళు వాసనో కనిపిస్తే మాత్రం రుచి కూడా చూడకుండా పారబోయండి.

ఈ పెరుగు ఆవు పెరుగు కాదు. పల్లీ కమ్మదనం తెలుస్తూనే ఉంటుంది. తెల్ల అన్నంలో ఉత్తగా కలిపితే కొందరికి నచ్చకపోవచ్చు. కానీ ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి, పక్కన మాగాయ ముక్క ఇవ్వండి. నాన్న మొదటిసారి అలాగే తిన్నారు. మారు వడ్డించుకున్నారు.

మజ్జిగ ఇంకా తేలిక. రెండింతలు నీళ్ళు పోసి చిలికి, ఉప్పు, దంచిన అల్లం, కొత్తిమీర, నిమ్మరసం. మజ్జిగపులుసుకి ఒక చెంచా శనగపిండి కలిపి చిన్న మంట మీద కాస్తే విరగదు. అంబలిలోకి, రాగి సంకటి పక్కకి ఈ మజ్జిగ ఎంత బాగుంటుందో చేసుకుని తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఊరమిరపకాయలు కూడా దీనిలో నానబెట్టి ఎండబెట్టాను, బాగానే వచ్చాయి.

ఖర్చు లెక్క కూడా చూసుకోండి. 100 గ్రాముల పల్లీలకి అర లీటరు పైన పాలు వస్తాయి. మీరు కిలో ఎంతకి కొన్నారో దాన్ని పదితో భాగిస్తే ఆ అర లీటరు ఖరీదు తెలిసిపోతుంది.

సోయా పాలు, టోఫు

ప్రోటీన్ విషయంలో ఆవు పాలకి బాగా దగ్గరగా వచ్చేవి సోయా పాలు. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఆవు పాలలో ఆరున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటే, చిక్కటి సోయా పాలలో ఆరు గ్రాములు ఉంటుంది. వాసనే పెద్ద ఇబ్బంది. గింజని చల్లటి నీళ్ళలో రుబ్బినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ నూనెతో కలిసి ఆ పచ్చి చిక్కుడు వాసన పుట్టిస్తుంది. రుబ్బకముందే దాన్ని వేడితో చంపేస్తే వాసన చాలావరకు రాదు.

125 గ్రాముల సోయా గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున నలిపి పైపొట్టు వీలైనంత తీసేయండి. మరుగుతున్న నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు ఉడికించి వంచేయండి. వేడి నీళ్ళతోనే రుబ్బండి. జార్‌ని సగం కన్నా ఎక్కువ నింపకండి, మూత మీద గుడ్డ వేసి పట్టుకోండి, ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. మొత్తం లీటరు నీళ్ళు పట్టించి వడకట్టండి.

తర్వాత పొయ్యి మీద పెడితే కాసేపటికే నురగతో పొంగుతాయి. అది నిజమైన పొంగు కాదు, లోపల ఇంకా మరగలేదు. మొదట్లో నేను అక్కడే దించేసి తాగాను, రోజంతా కడుపునొప్పి. పచ్చి సోయాలో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, అవి పోవాలంటే నిజంగా మరిగాక ఇంకో 15, 20 నిమిషాలు కాగాలి. గరిటెతో కలుపుతూ, మంట తగ్గించి కాచండి.

టోఫు, అంటే సోయా పనీర్, చేయాలంటే ఈ లీటరు పాలు కాగగానే దించి రెండు నిమిషాలు ఆగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని పావు గ్లాసు నీళ్ళలో కలిపి మెల్లగా పోయండి. పది నిమిషాలు కదపకండి. విరిగిన ముద్దని గుడ్డలో కట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. పాలక్ పనీర్ లాంటి కూరల్లోకి ముక్కల్ని ముందు నూనెలో ఎర్రగా వేయించి, ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు వేసి తీస్తే చప్పగా ఉండవు. మిగిలిన సోయా పిప్పిని గారెల పిండిలో, చపాతీ పిండిలో కలుపుకోవచ్చు.

టీ, కాఫీ

అల్లం, యాలకులు వేసిన టీకి సోయా పాలు సరిపోతాయి. నీళ్ళలో టీ పొడిని బాగా మరిగించి వడకట్టి, వేరుగా వేడి చేసిన పాలు చివర్లో కలపండి. పాలు పోశాక మళ్ళీ మరిగించొద్దు. ఫిల్టర్ కాఫీ కష్టం. డికాషన్‌లో పులుపు గుణం ఉంటుంది, వేడి డికాషన్‌లో చల్లటి సోయా పాలు పోస్తే చుక్కలు చుక్కలుగా విరుగుతాయి. వేడి పాలు ముందు గ్లాసులో పోసుకుని, డికాషన్‌ని సన్నగా వాటిలోకి వంచాలి. ఒక లీటరు సోయా పాలకి పది నానబెట్టిన జీడిపప్పులు కలిపి రుబ్బుకుంటే నోటికి చిక్కదనం తగులుతుంది.

కాఫీకి ఓట్స్ పాలు అన్నిటికన్నా బాగుంటాయి. ఓట్స్‌ని చల్లటి నీళ్ళతో అర నిమిషం మాత్రమే మిక్సీ పట్టి, పిండకుండా జల్లెడలో వడకట్టాలి. ఎక్కువసేపు తిప్పితే జిగురు వస్తుంది. ఇంట్లో చేసిన ఓట్స్ పాలని మరిగిస్తే గంజిలా అవుతాయి, గోరువెచ్చగా చేసి వాడుకోండి.

కొబ్బరి పాలు, జీడిపప్పు, నెయ్యి

పాయసానికి కొబ్బరి పాలే పెట్టాలి. బెల్లం వేస్తే ఆవు పాలు విరుగుతాయని మనం దించాక చల్లార్చి కలుపుతాం. కొబ్బరి పాలకి ఆ భయం తక్కువ. తాలికల పాయసం, పెసరపప్పు పాయసం రెండింటికీ మొదటిసారి పిండిన చిక్కటి పాలని చివర్లో, రెండోసారి పిండిన పలచటి పాలని ఉడకడానికి వాడండి. కోనసీమ ఇళ్ళలో కొబ్బరన్నం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ వీటిలో ప్రోటీన్ చాలా తక్కువ, సంతృప్త కొవ్వు ఎక్కువ. రోజూ గ్లాసు నిండా తాగే పాలు కావు ఇవి.

కూరల్లో మీగడ బదులు నానబెట్టిన జీడిపప్పు ముద్ద వేయండి. పలాస, వేటపాలెం బద్ద చాలు, గుండు పప్పు అక్కర్లేదు, ఎలాగూ రుబ్బేదే కదా.

నెయ్యి దగ్గర నిజం చెప్పాలి. సున్నుండలకి నెయ్యి తప్ప వేరే దారి నాకు దొరకలేదు. ఆ ఆశ వదులుకుని నువ్వుల చిమ్మిలి, పల్లీ ఉండలు చేసుకోవడం మేలు, వాటికి నెయ్యే అక్కర్లేదు. ముద్దపప్పు ఆవకాయలోకి మాత్రం గానుగ పట్టిన నువ్వుల నూనె వేసుకోండి. చాలా ఇళ్ళలో ఆవకాయ అన్నంలో నూనే వేసుకుంటారు కాబట్టి అది మనకి కొత్త రుచి కాదు. నెయ్యి బదులని వనస్పతి మాత్రం తేవద్దు.

కాల్షియం, బి12: దీన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అర లీటరు ఆవు పాలలో దాదాపు 600 వస్తుంది. ఇంట్లో చేసిన వేరుశనగ, సోయా, కొబ్బరి పాలలో కాల్షియం చాలా తక్కువ. అందుకే దాన్ని కంచంలోకి విడిగా తెచ్చుకోవాలి.

అదే సంస్థ ఆహార పట్టికల్లో 100 గ్రాములకి ఉన్న అంకెలివి: రాగులు 364, పొట్టు తీయని తెల్ల నువ్వులు 1283, మునగాకు 314, ఉలవలు 269. తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అన్నా అవీ రాగులే. ఒక రోజుకి 50 గ్రాముల రాగిపిండితో సంకటి లేదా జావ, ఒక పెద్ద చెంచా నువ్వుల పొడి, 50 గ్రాముల మునగాకు వేసిన పప్పు, 30 గ్రాముల ఉలవలతో చారు తీసుకుంటే సుమారు 550 మిల్లీగ్రాములు వస్తాయి. కాల్షియం కలిపిన సోయా పాలు కొని ఒక గ్లాసు తాగితే ఇంకో 240. మిగతాది పప్పులు, ఆకుకూరల నుంచి కొంత వస్తుంది. వెయ్యి చేరడం తేలిక కాదు, కానీ పట్టుదలగా తింటే దగ్గరికి వస్తుంది. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళు, ఎముకలు బలహీనపడినవాళ్ళు మాత్ర అవసరమేమో డాక్టరుని అడగాలి.

చిన్న చిన్న కిటుకులు కొన్ని ఉన్నాయి. నువ్వుల పాలు తీసి వడకడితే కాల్షియం ఎక్కువగా ఉన్న పొట్టు పిప్పిలో పోతుంది. నువ్వుల్ని వేయించి పొడి చేసి అన్నంలో తినడమే మంచిది. రాగుల్ని మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టిస్తే, లేదా అంబలిని రాత్రంతా పులియబెడితే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ అనే పదార్థం వల్ల ఒంటికి పట్టేది కొద్దిగానే. ఎండ తగలకపోతే విటమిన్ డి లేక ఎంత తిన్నా ఎముకకి సరిగ్గా చేరదు.

ఇక బి12. దయచేసి ఈ మాట శ్రద్ధగా వినండి. మాంసం, గుడ్డు తినని ఇంట్లో బి12 వచ్చేది పాలు, పెరుగు నుంచే. అవీ మానేస్తే మొక్కల నుంచి వచ్చే దారి లేదు. పులిసిన అంబలిలో వస్తుందని, స్పిరులినాలో ఉందని చెప్పేవాటిని నమ్మి కూర్చోకండి. శరీరంలో నిల్వ ఉండటం వల్ల లోపం వెంటనే బయటపడదు. నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు గడిచాక అరికాళ్ళలో తిమ్మిర్లు, నీరసం, నాలుక మంట, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యం చేస్తే నరాల దెబ్బ పూర్తిగా నయం కాకపోవచ్చు. పాలు పూర్తిగా మానే రోజే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో బి12 మాత్ర మొదలుపెట్టండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బి12 ఇంకా త్వరగా తగ్గుతుంది. నాన్నకి మేం చేసిన మొదటి పరీక్ష ఇదే.

ప్యాకెట్లు కొంటే

ప్యాకెట్ మీద పాలు అనే మాట వెతకకండి. 2021 నుంచి మన దేశ ఆహార భద్రతా సంస్థ (FSSAI) మొక్కల పానీయాలకి పాల పేర్లు పెట్టనివ్వడం లేదు, సోయా బెవరేజ్, ఓట్స్ డ్రింక్ అనే ఉంటాయి. కొబ్బరి పాలకి మాత్రం మినహాయింపు ఉంది. వెనక్కి తిప్పి మూడు అంకెలు చూడండి. 100 మిల్లీలీటర్లకి ప్రోటీన్ 3 గ్రాముల దగ్గర ఉందా, కాల్షియం 120 మిల్లీగ్రాముల దగ్గర ఉందా, కలిపిన పంచదార సున్నానా? చాలా బాదం డ్రింకుల్లో ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, పోసే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి.

ఎలా మొదలుపెట్టాలి

అన్నీ ఒకేసారి మార్చకండి, ఇంట్లో అందరికీ విసుగొస్తుంది. మొదటి వారం మజ్జిగ మాత్రం వేరుశనగతో చేయండి. పోపు, అల్లం ఉంటాయి కాబట్టి తేడా తెలియకుండా అలవాటవుతుంది. అదే వారం నువ్వుల పొడి సీసా భోజనాల బల్ల మీదకి రావాలి. రెండో వారం పొద్దున రాగి జావ, ఒక పూట టీ. తోడు బాగా కుదిరాక మూడో వారంలో పెరుగన్నం. కాఫీని చివరికి ఉంచండి, అది అందరికన్నా మొండిది. ఇంట్లో పాలు పడేవాళ్ళు తాగితే తాగనివ్వండి, రెండు గిన్నెలు పక్కపక్కన ఉన్నా ఇబ్బంది లేదు. గరిటెలు మాత్రం కలపకండి.

రాత్రి గిన్నెలు సర్దేముందు రెండు చెంచాల పెరుగు చిన్న స్టీలు డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో పెట్టి, గుప్పెడు పల్లీలు నీళ్ళలో వేసి పడుకోండి.